నురగ, తెలుపు, పరిమళం... శుభ్రత మాత్రం వేరు!

* కఠిన జలంతో నీటిపాలవుతున్న సబ్బు
* పట్టుచీరలకు ఎంజైమ్ పౌడర్లతో చేటు
* పసిపాపల దుస్తుల్లో కలరా ఉండలు ప్రమాదకరం

సబ్బు బిళ్ల సగం అరిగినా బకెట్టులో నురగ కనిపించదు. జాడించేటప్పుడు నీటిపై తెల్లని తెట్టు తేలుతుంది. ఆరేసిన చొక్కా సాయంత్రానికి అట్టలా బిరుసెక్కుతుంది. నాలుగు నెలలు తిరిగేసరికి తెల్లని పంచె మాసిన రంగులోకి మారుతుంది. అనంతపురం, ప్రకాశం, నల్లగొండ వంటి బోరుబావుల ప్రాంతాల్లో ఎన్నో కుటుంబాలకు ఇది నిత్యానుభవం. దీనికి కారణం సబ్బు నాసిరకం కావడమేనని భావించి ఖరీదైన పొట్లం కొనేవారు కొందరు, ఉన్న పౌడరునే రెట్టింపు వేసేవారు మరికొందరు. అసలు లోపం మాత్రం తరచుగా నీటిలోనే ఉంటుంది.

వస్త్రశుద్ధికి వాడే రసాయనాలను వినియోగదారులు సాధారణంగా మూడు గుర్తులతో అంచనా వేస్తారు. నురగ బాగా రావాలి, బట్ట తెల్లగా మెరవాలి, సువాసన నిలవాలి. ఈ మూడింటికీ పొట్లంలో వేర్వేరు పదార్థాలు ఉంటాయి. మురికిని తొలగించే పని వీటన్నింటికీ వేరైనది. ఈ తేడా తెలియకపోవడం వల్ల డబ్బు వృథా అవుతుండగా, కొన్ని సందర్భాల్లో విలువైన వస్త్రాలు, ఆరోగ్యం సైతం దెబ్బతింటున్నాయి.

మధ్యవర్తి లాంటి అణువు

చెమటలోని జిడ్డు, వంటనూనె, పొగ మసి వంటివి నీటిలో కరగవు. వాటిని నీటితో కలిపేందుకు మధ్యవర్తి అవసరం. సబ్బు అణువు ఆ పాత్రనే పోషిస్తుంది. దాని తల నీటిని, పొడవైన తోక నూనెను కోరుకుంటాయి. తోకలు జిడ్డులోకి చొచ్చుకుపోగా, తలలు బయట నీటివైపు నిలుస్తాయి. బట్టను రుద్దినప్పుడు, పిండినప్పుడు జిడ్డు చిన్నచిన్న బిందువులుగా విడిపోయి, సబ్బు అణువుల మధ్య చిక్కుకొని నీటితోపాటు వెళ్లిపోతుంది.

నూనె లేదా కొవ్వును కాస్టిక్ సోడాతో చర్య జరిపితే సబ్బు తయారవుతుంది. సబ్బు అందుబాటులో లేని రోజుల్లోనూ ఈ రసాయన సూత్రం పల్లెలకు తెలియనిది కాదు. రజకులు చౌడు నేలల నుంచి తెచ్చిన మన్నుతో, బూడిద నీటితో బట్టలను నానబెట్టి, బానలో ఉడికించి రేవులో ఉతికేవారు. చౌడులో సోడియం కార్బొనేట్, కట్టెల బూడిదలో పొటాషియం కార్బొనేట్ ఉంటాయి. రెండూ క్షారాలే. వేడి తోడైతే అవి బట్టలోని జిడ్డును విడగొడతాయి. కుంకుడుకాయలో ఉండే సాపోనిన్లు సహజసిద్ధంగా నురగనిచ్చే పదార్థాలు. వాటిలో సోడా ఘాటు ఉండదు కనుక పట్టు, ఉన్ని వస్త్రాలకు కుంకుడు రసం వాడే ఆచారం ఏర్పడింది. ఆ ఆచారం వెనుక ఉన్న శాస్త్రం నేటికీ చెల్లుబాటు అవుతోంది.

నీటిలోనే పోతున్న సబ్బు

వర్షపు నీరు రాళ్ల పొరల గుండా భూమిలోకి ఇంకేటప్పుడు కాల్షియం, మెగ్నీషియం లవణాలను కరిగించుకుంటుంది. ఇవి అధికంగా ఉన్న నీటినే కఠిన జలం అంటారు. భారత ప్రమాణాల సంస్థ తాగునీటికి నిర్దేశించిన ఐఎస్ 10500 ప్రకారం మొత్తం కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాముల వరకు ఆమోదయోగ్యం. వేరే నీటి వనరు లేనిచోట 600 మిల్లీగ్రాముల వరకు అనుమతిస్తారు. అంటే తాగడానికి అనుమతి ఉన్న నీరు కూడా ఉతకడానికి అనుకూలంగా ఉండాలన్న నియమం లేదు.

కఠిన జలంలో సబ్బు వేయగానే అది ముందుగా కాల్షియంతో కలిసిపోయి, కరగని తెట్టుగా మారుతుంది. నీటిలోని కాల్షియం, మెగ్నీషియం అంతా తీరేవరకు మురికిపై పనిచేసేందుకు సబ్బు మిగలదు. చిన్న లెక్కతో నష్టం తీవ్రత అర్థమవుతుంది. లీటరుకు 300 మిల్లీగ్రాముల కఠినత్వం ఉన్న 20 లీటర్ల బకెట్టులో మొత్తం 6 గ్రాముల కఠినత్వం ఉంటుంది. ఒక్కో గ్రాముకు సుమారు 6 గ్రాముల శుద్ధమైన సబ్బు ఖర్చవుతుంది. అంటే ఒక చొక్కా అయినా ఉతకకముందే దాదాపు 36 గ్రాముల సబ్బు నీటిపాలవుతుంది.

నష్టం అక్కడితో ఆగదు. సబ్బు పట్టిన బట్టను మళ్లీ కఠిన జలంలోనే జాడిస్తే, పోగుల మధ్య మిగిలిన సబ్బు అక్కడికక్కడే తెట్టుగా మారి అంటుకుంటుంది. పంచెలు, తువ్వాళ్లు క్రమంగా బూడిద రంగుకు తిరగడానికి, బిరుసెక్కడానికి ప్రధాన కారణం ఇదే.

ఇంట్లోనే పరీక్ష

నీటి స్వభావాన్ని తెలుసుకునేందుకు ప్రయోగశాల అక్కర్లేదు. రెండు గాజు సీసాలు తీసుకొని ఒకదానిలో వర్షపు నీరు, మరొకదానిలో బోరు నీరు సగం వరకు నింపాలి. నూనెతో తయారైన సబ్బు తురుమును కొద్దిపాటి వర్షపు నీటిలో కరిగించి, ఆ ద్రావణాన్ని రెండింటిలో సమానంగా కొన్ని చుక్కలు వేసి బాగా కుదపాలి. వర్షపు నీటిలో నురగ నిలబడుతుంది. బోరు నీరు పాలలా మసకబారి నురగ వెంటనే పడిపోతే అది కఠిన జలమని గుర్తించాలి. ఈ పరీక్షకు డిటర్జెంట్ పౌడరు పనికిరాదు. కఠిన జలంలోనూ నురగ వచ్చేలా దానిని రూపొందిస్తారు.

కఠినత్వాన్ని తగ్గించేందుకు అందుబాటులో ఉన్న చవకైన పదార్థం బట్టల సోడా. పై లెక్కలో చెప్పిన బకెట్టుకు 36 గ్రాముల సబ్బు బదులు, పొడి సోడా 6 నుంచి 7 గ్రాములు సరిపోతుంది. అది పలుకుల రూపంలో ఉంటే అందులో నీటిశాతం అధికం కనుక సుమారు 17 గ్రాములు కావాలి. సోడా కరిగించి అరగంట కదపకుండా ఉంచితే కాల్షియం సున్నపు పొడిలా అడుగుకు చేరుతుంది. పైనున్న తేట నీటిని వంచుకొని వాడుకోవాలి. నీటిని మరిగించినా కఠినత్వంలో కొంత భాగం తొలగిపోతుంది. గిన్నెల అడుగున పేరుకునే తెల్లని పొర అదే. పటిక బురదను పేరుస్తుంది తప్ప కఠినత్వాన్ని తగ్గించలేదు. ఇవేవీ వీలుకానిచోట కనీసం చివరి జాడింపునకైనా వర్షపు నీటిని వాడితే బట్టల మన్నిక పెరుగుతుంది.

డిటర్జెంట్ ఎందుకు వచ్చింది?

సబ్బుకున్న ఈ బలహీనతతోపాటు నూనెల కొరత కూడా కొత్త పదార్థాల అన్వేషణకు దారితీసింది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో కొవ్వులు దొరకని జర్మనీలో 1916లో కృత్రిమ డిటర్జెంట్ రూపుదిద్దుకుంది. అమెరికాలో 1946లో మార్కెట్‌లోకి వచ్చిన టైడ్ కఠిన జలంలోనూ బరువైన మురికిని వదిలించగలిగింది. భారతదేశంలో హిందుస్థాన్ లీవర్ సంస్థ 1959లో సర్ఫ్‌ను ప్రవేశపెట్టింది. 1969లో అహ్మదాబాద్‌లో కర్సన్‌భాయ్ పటేల్ ఆరంభించిన నిర్మా తక్కువ ధరతో పౌడరును సామాన్యుల ఇళ్లకు చేర్చింది. ఏ కంపెనీ పౌడరునైనా ‘సర్ఫ్’ అనే వాడుక తెలుగునాట ఇప్పటికీ వినిపిస్తుంది.

నేటి పౌడర్లలో మురికిని విడదీసే ప్రధాన పదార్థం ఎక్కువగా లీనియర్ ఆల్కైల్ బెంజీన్ సల్ఫోనేట్. దీనిని పెట్రోలియం నుంచి తయారు చేస్తారు. ఇది కాల్షియంతో సబ్బులా సులభంగా తెట్టు కట్టదు. దానికి తోడుగా నీటి కఠినత్వాన్ని అణచే సోడా, ఫాస్ఫేట్ లేదా జియోలైట్ వంటి పదార్థాలు ఉంటాయి. విడిపోయిన మురికి మళ్లీ బట్టకు అంటకుండా చూసే సెల్యులోజ్ జిగురు, యంత్రాల లోహభాగాలను కాపాడే సిలికేట్ కలుపుతారు. సోడియం సల్ఫేట్ వంటి నింపుడు పదార్థం కూడా ఉంటుంది. దానివల్ల పొట్లం బరువు పెరుగుతుందే తప్ప మురికి పోదు. రెండు పొట్లాల బరువు సమానమైనా శుభ్రపరిచే శక్తి సమానంగా ఉండకపోవడానికి కారణం ఈ మిశ్రమంలోని తేడాయే.

నురగ కొలమానం కాదు

నీటిలో గాలి చిక్కుకొని ఏర్పడే బుడగలే నురగ. మురికిని వదిలించే పని బట్ట పోగుల వద్ద జరుగుతుంది, నీటిపై తేలే బుడగల్లో కాదు. అయితే నురగ కనిపించకపోతే వినియోగదారులు పౌడరును నమ్మరు కనుక చేతితో ఉతికే రకాలను నురగ అధికంగా వచ్చేలా తయారు చేస్తారు. వాషింగ్ మెషీన్ల కోసం చేసే పౌడర్లలో ఇందుకు భిన్నంగా నురగను అణచే పదార్థాలు కలుపుతారు. యంత్రంలో బట్టలు ఒకదానిపై ఒకటి పడి రాపిడి చెందాలి. నురగ దట్టంగా ఉంటే అది మెత్తని దిండులా అడ్డుపడి రాపిడిని తగ్గిస్తుంది.

పౌడరు పెంచినకొద్దీ శుభ్రత పెరుగుతుందనుకోవడం కూడా పొరపాటే. నీటిలో డిటర్జెంట్ ఒక స్థాయికి చేరగానే దాని అణువులు గుంపులు కట్టి జిడ్డును బంధించడం మొదలుపెడతాయి. ఆ స్థాయిని బాగా మించి వేసిన పౌడరు ఫలితాన్ని అదే నిష్పత్తిలో పెంచదు. అదనపు పౌడరును వదిలించేందుకు రెండు మూడు బకెట్ల నీరు ఎక్కువ కావాలి. వేసవిలో ట్యాంకరు నీటిపై ఆధారపడే కుటుంబాలకు ఇది రెండు విధాలా నష్టం. పోగుల్లో మిగిలిపోయిన క్షారం చర్మంపై దురద, మంటలకు కారణం కావచ్చు. పౌడరు కలిపిన నీటి క్షారత సాధారణంగా పీహెచ్ 10 ప్రాంతంలో ఉండగా, ఆరోగ్యవంతమైన చర్మం పీహెచ్ 5 దరిదాపుల్లో ఉంటుంది. నిత్యం గంటల తరబడి ఉతికేవారి వేళ్లు పగలడానికి మూలం ఈ వ్యత్యాసమే. రబ్బరు తొడుగులు ధరించడం, పని ముగియగానే మంచినీటితో కడుక్కొని కొబ్బరి నూనె రాసుకోవడం వారికి మేలు చేస్తుంది.

తెలుపు వెనుక వెలుగు

పత్తి బట్ట పాతబడేకొద్దీ పసుపు ఛాయ వస్తుంది. దానికి విరుగుడుగా నీలిమందు ముంచడం పాత పద్ధతి. పసుపు ఛాయకు నీలం తోడైతే కంటికి తెల్లగా కనిపిస్తుంది. మురికి మాత్రం ఉన్నచోటే ఉంటుంది. ఆధునిక పౌడర్లలో ఈ పనిని మెరుపు రసాయనాలు చేస్తున్నాయి. అవి సూర్యకాంతిలోని కంటికి కనిపించని అతినీలలోహిత కిరణాలను గ్రహించి, నీలి కాంతిగా వెలువరిస్తాయి. గుర్రపు చెస్ట్‌నట్ చెట్టు నుంచి తీసిన పదార్థానికి ఈ గుణం ఉందని 1929లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త పాల్ క్రైస్ వెల్లడించారు. అక్కడి నుంచే ఈ రంగం విస్తరించింది. ఎండలో ధగధగలాడిన చొక్కా ఇంట్లో దీపం వెలుగులో అంతగా మెరవకపోవడానికి కారణమిదే. గోధుమ రంగు ఛాయ గల ముడి నూలు చేనేత వస్త్రాలకు ఇటువంటి పౌడర్లు వాడితే వాటి సహజ వర్ణం మారిపోతుంది.

మరకను రంగు లేకుండా చేసేది బ్లీచింగ్. ఇందులో రెండు రకాలున్నాయి. మొదటిది క్లోరిన్ ఆధారిత సోడియం హైపోక్లోరైట్. తెల్లని నూలుకు తప్ప పట్టు, ఉన్ని, రంగు వస్త్రాలకు ఇది హానికరం. రెండోది సోడియం పెర్‌కార్బొనేట్. ఇది నీటిలో హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా, సోడాగా విడిపోతుంది కనుక రంగులపై ప్రభావం తక్కువ. 1907లో జర్మనీలో విడుదలైన పెర్సిల్ పౌడరు ఇటువంటి ఆక్సిజన్ సూత్రంపైనే రూపొందింది.

క్లోరిన్ ద్రావణంతో ఒక హెచ్చరిక ముడిపడి ఉంది. దానిని మరుగుదొడ్లు శుభ్రం చేసే ఆమ్లంతో కలిపితే విషపూరితమైన క్లోరిన్ వాయువు వెలువడుతుంది. అమోనియా ఉన్న ద్రావణాలతో కలిపినా ఊపిరితిత్తులకు హానిచేసే వాయువులు పుడతాయి. ఇరుకైన స్నానాల గదిలో ఇది ప్రాణాంతకం కావచ్చు. రెండు ద్రావణాలు కలిపితే శక్తి రెట్టింపవుతుందన్న ఆలోచనను పూర్తిగా మానుకోవాలి.

మరకకో మందు

రక్తం, పాలు, గుడ్డు, చెమట మరకల్లో మాంసకృత్తులు ఉంటాయి. గంజి, సాంబారు మరకల్లో పిండి పదార్థాలు, పచ్చళ్ల మరకల్లో నూనె ఉంటాయి. వీటిని చిన్న ముక్కలుగా విడగొట్టేందుకు పౌడర్లలో ఎంజైములు కలుపుతున్నారు. మాంసకృత్తులకు ప్రోటియేజ్, పిండి పదార్థాలకు అమైలేజ్, కొవ్వులకు లైపేజ్ పనిచేస్తాయి. జంతువుల క్లోమం నుంచి తీసిన ఎంజైములను ఉతుకుడుకు వాడే విధానాన్ని 1913లో జర్మన్ శాస్త్రవేత్త ఒట్టో రోమ్ ప్రవేశపెట్టారు. ఎంజైములకు సమయం కావాలి. గోరువెచ్చని నీటిలో అరగంట నానబెట్టినప్పుడే అవి ఫలితమిస్తాయి. మరిగే నీటిలోనూ, క్లోరిన్ కలిసిన నీటిలోనూ అవి నిర్వీర్యమవుతాయి. రక్తపు మరకను వేడినీటిలో ముంచితే మాంసకృత్తులు గడ్డకట్టి పోగులకు అతుక్కుంటాయి. దానిని ముందుగా చన్నీటిలోనే నానబెట్టాలి.

పట్టు, ఉన్ని కూడా మాంసకృత్తులతో ఏర్పడినవే. మరకను కరిగించే ప్రోటియేజ్‌కు మరకకూ పట్టుపోగుకూ తేడా తెలియదు. ధర్మవరం, పోచంపల్లి పట్టుచీరలను, గద్వాల చీరల పట్టు అంచులను ఎంజైమ్ పౌడరులో పదేపదే నానబెడితే పోగు బలహీనపడి మెరుపు తగ్గుతుంది. నేతగాడు రోజుల తరబడి శ్రమించి నేసిన చీర ఒక్క నిర్లక్ష్యంతో పాడవుతుంది. పొట్లంపై ఎంజైములు ఉన్నట్లు రాసి ఉంటే దానిని పట్టుకు వాడరాదు. సోడా కలపని తేలికపాటి ద్రవాన్ని గాని, కుంకుడు రసాన్ని గాని వాడి నీడలో ఆరబెట్టాలి. సహజ రంగులతో అద్దే కలంకారీ వస్త్రాలకు బ్లీచింగ్, ఘాటైన క్షారం రెండూ పనికిరావు.

శుభకార్యాల అనంతరం ప్రతి ఇంటా ఎదురయ్యేది పసుపు మరక. దానిపై సబ్బు రుద్దగానే ఎర్రబడటం చూసి మరక పెరిగిందని కలవరపడతారు. పసుపులోని కర్‌క్యుమిన్ క్షారం తగిలితే ఎర్రగా మారుతుంది. పసుపు, సున్నం కలిస్తే ఎరుపెక్కేది ఈ గుణం వల్లనే. బాగా జాడిస్తే తిరిగి పసుపు రంగుకు వస్తుంది. కర్‌క్యుమిన్ ఎండకు తట్టుకోలేదు. తెల్లని నూలు బట్టను ఉతికి తడిగా ఉండగానే ఎండలో ఆరేస్తే రెండు మూడు రోజుల్లో మరక చాలావరకు తొలగిపోతుంది. ఇందుకు పైసా ఖర్చు లేదు.

సువాసన కింద దాగిన దుర్వాసన

వర్షాకాలంలో ఉతికిన బట్టలకు సైతం ముక్క వాసన పట్టడం సహజం. దీనికి కారణం బట్టలో మిగిలిన చర్మపు జిడ్డుపై పెరిగే సూక్ష్మజీవులు. వాటిలో మొరాక్సెల్లా జాతి బ్యాక్టీరియా ప్రధానమైనదని 2012లో జపాన్ పరిశోధకులు వెల్లడించారు. బట్ట ఎంత ఎక్కువసేపు తడిగా ఉంటే వాటికి అంత అనుకూలం. కనుక వాసనకు అసలైన విరుగుడు వేగంగా ఆరబెట్టడమే. బట్టలను ఒకదానిపై ఒకటి వేయకుండా దూరదూరంగా ఆరేయడం, గాలి తగిలేలా ఫ్యాను వేయడం, నూలు బట్టలను అప్పుడప్పుడు 60 డిగ్రీల వేడినీటిలో నానబెట్టడం ఉపకరిస్తాయి.

మార్కెట్‌లో లభించే సువాసన ద్రవాలు ఈ మూలకారణాన్ని తాకవు. చాలా రకాలు దుర్వాసనపై మరో వాసనను కప్పుతాయి. కొన్నింటిలో సైక్లోడెక్‌స్ట్రిన్ అనే పదార్థం ఉంటుంది. పిండి పదార్థం నుంచి తయారయ్యే ఈ అణువు గాజులా గుండ్రంగా ఉంటుంది. దాని నడిమి ఖాళీలో దుర్వాసన అణువులు చిక్కుకొని గాలిలోకి రాకుండా ఆగిపోతాయి. ఈ పదార్థాన్ని 1891లో ఫ్రాన్స్ శాస్త్రవేత్త విల్లియర్స్ గుర్తించగా, 1998లో అమెరికాలో దేశవ్యాప్తంగా విడుదలైన ఫెబ్రీజ్ దానిని ఇంటింటికీ తెచ్చింది. సోఫా గుడ్డలు, పరుపులు వంటి తరచూ ఉతకలేని వాటికి ఇది ఉపయోగమే. ఉతకవలసిన చొక్కాకు ఇది ప్రత్యామ్నాయం కాదు.

బట్టలను మెత్తబరిచే ఫ్యాబ్రిక్ కండిషనర్లది మరో తీరు. వీటిలోని అణువులు ధనావేశం కలవి. అవి పోగులపై పలుచని కొవ్వు పొరలా పరుచుకొని బట్టకు మెత్తదనాన్ని ఇస్తాయి. డిటర్జెంట్ అణువులు రుణావేశం కలవి కావడంతో రెండింటినీ ఒకేసారి వేస్తే ఒకదానినొకటి నిర్వీర్యం చేసుకుంటాయి. కండిషనర్‌ను చివరి జాడింపులో మాత్రమే వేయాలి. తువ్వాళ్లకు, పసిపిల్లల గుడ్డలకు తరచూ వాడితే ఆ పొర కారణంగా నీటిని పీల్చే గుణం తగ్గుతుంది.

బీరువాల్లో వేసే కలరా ఉండల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. నాఫ్తలిన్‌తో తయారయ్యే ఈ ఉండలు ఆవిరిగా మారి బట్టలకు పడతాయి. జీ-6-పీడీ అనే ఎంజైమ్ లోపంతో పుట్టిన శిశువులు ఆ ఆవిరిని పీల్చినా, ఆ బట్టల్లో చుట్టబడినా వారి ఎర్ర రక్తకణాలు చితికిపోయి తీవ్రమైన కామెర్లు వచ్చే ప్రమాదం ఉంది. కామెర్లు ముదిరితే మెదడు సైతం దెబ్బతింటుంది. ఈ లోపం వంశపారంపర్యమైనది. బయటికి ఏ లక్షణమూ కనిపించదు. ఐరోపా సమాఖ్యలో నాఫ్తలిన్ ఉండల అమ్మకాన్ని 2008లో నిలిపివేశారు. బాలింతలకు, శిశువులకు వాడేందుకు పెట్టెలో దాచిన పాత మెత్తని చీరలు తీయడం తెలుగు ఇళ్లలో ఆనవాయితీ. ఆ పెట్టెలో కలరా ఉండలు వేయకపోవడమే శ్రేయస్కరం. వేసి ఉంటే ఆ చీరలను పక్కన పెట్టి, నాఫ్తలిన్ తగలని గుడ్డలను ఉతికి ఆరబెట్టి వాడాలి.

ఉతికిన నీరు ఎటు పోతోంది?

ఇంటి కాలువ దాటిన నీటితో కథ ముగియదు. 1950వ దశకంలో వాడిన తొలితరం డిటర్జెంట్లు సూక్ష్మజీవులకు లొంగక నదుల్లో నురగ గుట్టలను సృష్టించాయి. 1960వ దశకం మధ్యలో పాశ్చాత్య దేశాలు సులభంగా విచ్ఛిన్నమయ్యే నేటి రకానికి మారాయి. అయితే ఇది విచ్ఛిన్నం కావాలంటే నీటిలో ప్రాణవాయువు ఉండాలి. మురుగుతో నిండి కుళ్లిన చెరువులో ఆ ప్రక్రియ మందగిస్తుంది. బెంగళూరు బెళ్లందూరు చెరువు నుంచి 2015లో నురగ వీధుల్లోకి పొంగిరావడం దేశమంతా చూసింది.

ఫాస్ఫేట్‌తో మరో చిక్కు ఉంది. నీటి కఠినత్వాన్ని అణచడంలో దానికి సాటి లేదు. అదే ఫాస్ఫేట్ చెరువుకు చేరి నాచుకు, గుర్రపుడెక్కకు ఎరువవుతుంది. అవి పెరిగి కుళ్లినప్పుడు నీటిలోని ప్రాణవాయువు తరిగి చేపలు చనిపోతాయి. ఐరోపా సమాఖ్య 2013 జూన్ 30 నుంచి గృహ వినియోగ లాండ్రీ డిటర్జెంట్లలో ఫాస్ఫరస్‌పై కఠిన పరిమితి విధించింది. దశాబ్దాలపాటు నగర మురుగును మోసిన హైదరాబాద్ హుస్సేన్‌సాగర్‌లో నాచు పెరగడానికి మానవ వ్యర్థాలతోపాటు ఇటువంటి పోషకాలూ కారణమే.

నీటి ఎద్దడి ఉన్న పల్లెల్లో ఉతికిన నీటిని పెరటి మొక్కలకు మళ్లిస్తుంటారు. పౌడరులోని సోడా, సల్ఫేట్ రెండూ సోడియం లవణాలే. నీరు ఆవిరైపోయినా సోడియం నేలలో పేరుకొని మట్టిని గట్టిపరుస్తుంది. ఒకనాడు రజకులు ఏరి తెచ్చుకున్న చౌడు, ఈ విధంగా పెరట్లోనే తయారవుతుంది. తొలి ఉతుకు నీటిని మొక్కలకు పోయకుండా, చివరి జాడింపు నీటిని మాత్రమే వాడటం ఉత్తమం.

పాటించవలసినవి

* కొత్త పౌడరు కొనేముందు నీటిని పరీక్షించాలి. కఠిన జలమైతే సోడాతో మెత్తబరచాలి. లేదా కఠినత్వాన్ని అణచే పదార్థాలున్న పౌడరును ఎంచుకోవాలి.

* పొట్లంపై సూచించిన కొలతను చెంచాతో కొలిచి వేయాలి. గుప్పెళ్లతో అంచనా వేయరాదు.

* అరగంట నానబెట్టడం అదనపు పౌడరు కంటే మేలైన ఫలితమిస్తుంది. రంగు దిగే బట్టలను విడిగా, తక్కువసేపు నానబెట్టాలి.

* పట్టు, ఉన్ని వస్త్రాలకు ఎంజైములు, సోడా, క్లోరిన్ తగలనీయరాదు.

* క్లోరిన్ ద్రావణాన్ని ఆమ్లంతో గాని, మరే ద్రావణంతో గాని కలపరాదు. పిల్లలకు అందనంత ఎత్తులో ఉంచాలి. శీతల పానీయాల సీసాల్లో పోసి దాచరాదు.

* పసిపాపల బట్టలకు సువాసన ద్రవాలు, కలరా ఉండలు వద్దు. అదనంగా మరోసారి జాడించి ఎండలో ఆరబెట్టాలి.

తెట్టు కట్టే నీటిని మార్చుకోకుండా పొట్లాన్ని మాత్రమే మారుస్తూపోతే ఖర్చు పెరుగుతుందే తప్ప ఫలితం దక్కదు. నీటి స్వభావాన్ని, బట్ట స్వభావాన్ని ఎరిగి చెంచాడు పౌడరును సరిగా వాడిన ఇంట్లో సబ్బు ఖర్చు తగ్గుతుంది, చీర పదికాలాలు మన్నుతుంది, ఊరి చెరువుపై భారమూ తగ్గుతుంది.